పాత స్పోర్ట్స్ కారుని విప్పి కుప్పపొయ్యకండి, నడుపుతూ బాగుచేసుకోండి

పాత కార్ల అమ్మకం ప్రకటనలు చదివే పిచ్చి ఉన్నవాళ్లకి ఒక రకం ప్రకటన బాగా తెలిసే ఉంటుంది. "రెస్టోరేషన్ ప్రాజెక్ట్, సగానికి పైగా పని అయిపోయింది, పార్టులన్నీ డబ్బాల్లో భద్రంగా ఉన్నాయి, టైమ్ లేక ఇచ్చేస్తున్నా." ఫొటో చూస్తే ఇంజన్ ఒక మూల, డోర్లు గోడకి చేరేసి, బాడీ నాలుగు స్టాండ్ల మీద, దాని మీద అట్టపెట్టెలు. పని మొదలెట్టిన రోజున ఆ కారు తనంతట తనే నడుచుకుంటూ ఆ షెడ్డులోకి వచ్చి ఉంటుంది, అదీ నాకు కడుపు మండే విషయం. ఏదో చిన్న ఆయిల్ లీకు, కాస్త తుప్పు, హ్యాండ్ బ్రేక్ సరిగ్గా పట్టకపోవడం, మహా అయితే అంతే ఉండి ఉంటుంది. ఓనరు గారు "ఎలాగూ పని పెట్టుకున్నాం కదా, మొత్తం విప్పి కొత్తదాన్ని చేసేద్దాం" అనుకున్నారు, అక్కడితో కారు పని అయిపోయింది.

ఇంట్లో పాత స్పోర్ట్స్ కారు పెట్టుకుని సొంతంగా రిపేర్లు చేసుకుందాం అనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే మాట. దాన్ని విప్పి కుప్పపొయ్యకండి. నడపండి, ఒక్క లోపాన్ని పట్టుకోండి, దాని మూలం ఏంటో తేల్చుకోండి, బాగుచెయ్యండి, మళ్ళీ నడపండి, తర్వాత ఇంకోటి. ఈ పద్ధతిలో కారు ఎప్పటికీ షోరూమ్ నుంచి దిగినట్టు అవ్వదు, ఒప్పుకుంటా. కానీ తిరుగుతుంది. తుప్పు చంపిన పాత కార్లు ఎన్నో, ఈ "మొత్తం చేసేద్దాం" అనే ఆశ చంపినవీ అన్నే ఉంటాయని నా గట్టి అనుమానం.

ఎందుకంటే లోపం అనేది కారు నడుస్తున్నప్పుడే మాట్లాడుతుంది. అరవై దాటాక స్టీరింగ్ వణుకుతోందా, బ్రేక్ తొక్కినప్పుడు మాత్రమే వణుకుతోందా, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మిస్సింగ్ (తడబడుతూ కుదుపులతో నడవడం) వస్తోందా, వేడెక్కాక వస్తోందా, ఎడమ మలుపులో మాత్రమే గుయ్యిమంటోందా (అయితే బరువు పడే కుడి పక్క వీల్ బేరింగ్ మీద ముందు అనుమానం పెట్టుకోవాలి), ఇవన్నీ స్టాండ్ల మీదున్న బాడీ చెప్పదు. పైగా పది పార్టులు ఒకేసారి మార్చి కారు మళ్ళీ బిగించాక కొత్తగా ఇంకో మోత వచ్చిందనుకోండి, ఆ పదిలో ఏది కారణమో ఎవరు చెప్పగలరు? ఒక్కటే మార్చి నడిపితే మంచైనా చెడైనా దాని ఖాతాలోనే పడుతుంది.

రెండోది, ఆగిపోయిన కారు ఊరికే ఉండదు, పాడవుతూ ఉంటుంది. పెట్రోలు పాతబడి జిగురు కడుతుంది, ఇథనాల్ కలిపిన పెట్రోలైతే తేమని కూడా పీలుస్తుంది. బ్రేక్ డిస్కుల మీద తుప్పు పడుతుంది, కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లని డిస్కుకి అదిమే భాగం) పిస్టన్లు పట్టేస్తాయి, టైర్లు ఒకే చోట బరువు మోసి చదునవుతాయి, బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుంటుంది, రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, ఎలకలకి వైరింగ్ దొరుకుతుంది. అంటే మనం ముందు భాగం బాగుచేస్తుంటే వెనక భాగం కొత్త పని తయారుచేసి పెడుతూ ఉంటుందన్నమాట.

ఊరికే గాల్లో మాట్లాడకుండా ఒక కారుని పట్టుకుని చెప్తాను, మాజ్దా ఎంఎక్స్-5 మొదటి తరం. 1989లో షికాగో ఆటో షోలో బయటికి వచ్చింది, రెండు సీట్లు, మడిచే గుడ్డ టాపు, లేచి కూర్చునే హెడ్‌లైట్లు, మొదట్లో 1.6 లీటర్ ఇంజన్, వెనక చక్రాల డ్రైవ్, బరువు వెయ్యి కిలోలు కూడా ఉండదు. 2016లో అన్ని తరాలూ కలిపి పది లక్షలో కారు తయారైంది, కాబట్టి పార్టులకి కరువు లేదు, దాని జబ్బులన్నీ ఎప్పుడో జనం కనిపెట్టేశారు. ఇంట్లో పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి కారు నాకైతే తెలీదు, బానెట్ ఎత్తితే చెయ్యి పెట్టడానికి చోటుంటుంది, అదే పెద్ద వరం. నా వాదనకి కూడా ఇదే మంచి సాక్షి, ఎందుకంటే దీని జబ్బులు చాలావరకు పైకి ఒకలా కనపడి లోపల ఇంకోలా ఉంటాయి.

ఆయిల్ లీకు సంగతే చూడండి. ఇంజనుకీ గేర్ బాక్సుకీ మధ్య అతుకు దగ్గర నుంచి కింద ఆయిల్ చుక్కలు పడుతుంటాయి. చూసిన ప్రతివాడూ క్రాంక్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) వెనక సీల్ పోయింది అంటాడు. ఆ సీల్ మార్చాలంటే గేర్ బాక్స్ దించాలి. గేర్ బాక్స్ దించాక "ఎలాగూ దించాం కదా" అని క్లచ్, అది అయ్యాక "ఎలాగూ" అని ఇంజన్ మౌంటింగులు, ఇక చూసుకోండి. కానీ ఈ కారులో ఇంజన్ హెడ్ వెనక క్యామ్ యాంగిల్ సెన్సార్ అని (వాల్వులు తెరిచే క్యామ్ ఇరుసు ఎంత తిరిగిందో చెప్పేది) ఒకటుంటుంది, దాని చుట్టూ చిన్న రబ్బరు రింగు, అది ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి ప్లాస్టిక్ ముక్కలా అయిపోయి అక్కణ్ణించి ఆయిల్ ఇంజన్ వెనక గోడ మీదుగా జారుకుంటూ సరిగ్గా ఆ అతుకు దగ్గరికే వచ్చి చుక్కలు పడుతుంది. వేలికి పట్టేంత రింగు. సెన్సార్ ఏ స్థానంలో ఉందో ముందే గీత గీసి గుర్తు పెట్టుకుని, ఊడదీసి, రింగు మార్చి, మళ్ళీ అదే గీతకి బిగించి, తర్వాత టైమింగ్ లైట్‌తో (ప్లగ్గు ఏ క్షణాన నిప్పు వేస్తోందో చూపించే లైటు) బేస్ టైమింగ్ 10 డిగ్రీల దగ్గర ఉందో లేదో చూసుకోవాలి. చెయ్యి ఇరుకులో దూర్చడమే కష్టం, మిగతాది ఒక పూట పని.

మరి ఏ లీకో ఎలా తెలుస్తుంది? కడగడం వల్ల. ఇక్కడే నాకు చాలామందితో పేచీ వస్తుంది. ఇంజన్ కడగడం అంటే అందం కోసం చేసే పని అనుకుంటారు. డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, డిస్ట్రిబ్యూటర్, డైనమో, కాయిల్స్, ఎయిర్ ఇన్‌టేక్ లాంటి వాటికి కవర్లు చుట్టి, ఎక్కువ ప్రెషర్ లేకుండా మెల్లగా నీళ్లు పోసి కడిగి ఆరబెట్టి, కాస్త దూరం నడిపి వచ్చి టార్చి వేసి చూస్తే తడి ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. ఆయిల్ ఎప్పుడూ కిందికే జారుతుంది, గాలికి కాస్త వెనక్కి పోతుంది, కాబట్టి చుక్క పడే చోటు చూడటం దండగ, అన్నిటికంటే పైన ఎక్కడ తడిగా ఉందో అదీ చూడాలి. ముప్ఫై ఏళ్ల మురికి కింద ఈ విషయం ఎప్పటికీ తెలీదు. కారుని శుభ్రం చెయ్యడం, కారుని రిపేరు చెయ్యడం వేరు వేరు పనులని నేను ఒప్పుకోను. సీటు కింద వాక్యూమ్ కొడుతుంటేనే కార్పెట్ తడి తెలుస్తుంది, చక్రం లోపలి వైపు తుడుస్తుంటేనే బ్రేక్ ఫ్లూయిడ్ కారిన చార కనపడుతుంది, వీల్ ఆర్చిలో మట్టి తవ్వుతుంటేనే తుప్పు చేతికి వస్తుంది.

తుప్పు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే పాత స్పోర్ట్స్ కారులో మిగతావన్నీ మార్చుకోగలిగే పార్టులు, తుప్పు తినేది మాత్రం అసలు కారునే.

గుడ్డ టాపు ఉన్న కార్లలో వాన నీళ్లు టాపు అంచు మీదుగా వెనక్కి జారి సీట్ల వెనక ఒక కాలువలాంటి దాంట్లో పడి, రెండు వైపులా డ్రైన్ రంధ్రాల గుండా కిందికి పోవాలి. ఎంఎక్స్-5లో సరిగ్గా అలాగే ఉంటుంది. ఎండుటాకులు, దుమ్ము, టాపు నుంచి రాలిన నూగు కలిసి ఆ రంధ్రాలు పూడిపోతాయి. అప్పుడు నీళ్లు నిలిచి, పొంగి, డోరు కింద ఉండే సిల్ లోపలికి దిగుతాయి. సిల్ అంటే బయటికి కనపడే ఒక్క రేకు కాదు, లోపల పొరలు పొరలుగా వెల్డ్ చేసిన పెట్టె, టాపు లేని కారుకి అదే వెన్నెముక. అందులో నీళ్లు చేరితే లోపలి నుంచి తినేస్తుంది, వెనక చక్రం ముందు భాగంలో పెయింటు బుడగలా లేచేటప్పటికి లోపల ఎప్పుడో జల్లెడ అయిపోయి ఉంటుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు రెండు రెట్లకి పైనే చోటు ఆక్రమిస్తుంది, ఆ ఉబ్బుకే రేకుల అతుకులు విడిపోతాయి, విడిపోయిన సందులోకి ఇంకా నీళ్లు.

ఇప్పుడు ఆ బుడగ చూసినవాడు ఏం చేస్తాడు? ఎమరీ పేపరుతో గీకి, పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టి, రంగు వేస్తాడు. పైన పటారం లోన లొటారం అని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. ఏడాది తిరిగేసరికి అదే చోట ఇంకా పెద్ద బుడగ. అసలు చెయ్యాల్సిన మొదటి పని మెత్తగా వంగే సన్నటి ట్యూబు లాంటిదేదైనా తీసుకుని డ్రైన్ రంధ్రం క్లియర్ చెయ్యడం (గట్టి తీగ పెట్టి పొడవకండి, కింద ఉండే రబ్బరు భాగం చిరిగితే కొత్త తలనొప్పి), ఒక మగ్గు నీళ్లు పోసి కింద నుంచి బయటికి వస్తున్నాయో లేదో చూసుకోవడం. ఇది రిపేరు లెక్కలోకి రాదనుకుంటారు గానీ ఈ కారుకి ఇంతకంటే ముఖ్యమైన మెయింటెనెన్స్ ఇంకోటి లేదు. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో సిల్ పొడవునా తట్టుకుంటూ పోవాలి, గట్టి చోట ఖంగుమంటుంది, తిన్న చోట చప్పుడు మొద్దుబారుతుంది.

రేకు పైపైన తుప్పు పట్టిందంటే వైర్ బ్రష్, రస్ట్ కన్వర్టర్, ఎపాక్సీ ప్రైమర్, పెయింట్, ఇంట్లోనే అవుతుంది. ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న కన్వర్టర్ తుప్పుని ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది, కానీ పొరలు పొరలుగా ఊడే తుప్పు మీద పోస్తే పై పొర మాత్రమే మారి కింద పని కొనసాగుతుంది, అందుకని ముందు గీకాల్సిందే. వేలు పోయే రంధ్రం సిల్‌లో కనపడితే మాత్రం ఫైబర్‌గ్లాస్, పుట్టీ అన్నీ పక్కన పెట్టి తిన్న రేకంతా కోసేసి కొత్త రేకు వెల్డ్ చేయించాలి. వెల్డింగ్ రాకపోతే వచ్చినవాళ్లకి ఇవ్వండి, అందులో చిన్నతనం ఏం లేదు. అయ్యాక లోపలి పెట్టెలో క్యావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా లోపల కొట్టే మైనం) కొట్టించండి. చాలామంది మరిచిపోయేది ఈ ఆఖరిదే, వెల్డ్ చేసినప్పుడు లోపలి వైపు పెయింటు కాలిపోయి ఉత్త ఇనుము మిగులుతుంది కదా.

ఇక్కడ నా వాదనకి నేనే ఒక హద్దు పెట్టుకోవాలి. నడుపుతూ బాగుచేసుకోండి అన్నానని బ్రేకులు సరిగ్గా లేని కారు నడపమని కాదు. బ్రేకులు, స్టీరింగ్ జాయింట్లు, టైర్లు, పెట్రోలు పైపులు, సీట్ బెల్టు బిగించిన చోట తుప్పు, ఈ ఐదింటిలో ఏది అనుమానంగా ఉన్నా కారు ఆగాల్సిందే, అది తేలేదాకా కదలకూడదు.

టైరుకి గీతలు బాగానే ఉన్నాయి కదా అనకండి, పక్కన ఉండే నాలుగంకెల కోడ్ చూడండి, 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని. తక్కువ తిరిగే స్పోర్ట్స్ కార్లలో టైర్లు అరిగి కాదు, వయసు మీరి పోతాయి, రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద పట్టు వదిలేస్తుంది. బ్రేక్ ఫ్లూయిడ్ సంగతీ అంతే, అది గాల్లో తేమని పీలుస్తుంది. డీఓటీ 4 అనే రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని స్టాండర్డ్, తేమ పట్టాక అదే ఫ్లూయిడ్‌కి స్టాండర్డ్ అడిగేది 155 డిగ్రీలే. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఫ్లూయిడ్ మరిగి పెడల్ మెత్తగా లోపలికి పోవడానికి ఒక కారణం ఇదే. రెండేళ్లకోసారి మార్చమంటారు, మనలో ఎంతమంది మారుస్తారో మనకే తెలుసు.

ఇంకో దొంగ జబ్బు రబ్బరు బ్రేక్ హోసులు. పైకి బాగానే కనపడతాయి, లోపల వాచి ఒన్-వే వాల్వులా పనిచేస్తాయి, తొక్కినప్పుడు ఫ్లూయిడ్ వెళ్తుంది, వదిలాక వెనక్కి రాదు, బ్రేక్ పట్టుకునే ఉంటుంది. జనం కాలిపర్ మారుస్తారు, మళ్ళీ పట్టుకుంటుంది, ఇంకో కాలిపర్ మారుస్తారు. కాలిపర్ మీదుండే బ్లీడ్ నిపుల్ కాస్త వదులు చేసినప్పుడు చక్రం ఫ్రీ అయితే ప్రెషర్ లోపల ఇరుక్కుందని అర్థం, అనుమానం హోసు మీదకి పోవాలి. నిపుల్ తెరిచినా చక్రం తిరగకపోతే అప్పుడు కాలిపర్, దాని స్లైడ్ పిన్నులు. ఈ పరీక్షకి ఖర్చు ఏమీ లేదు, కాసిని ఫ్లూయిడ్ చుక్కలు తప్ప (పెయింటు మీద పడనివ్వకండి, తినేస్తుంది). ఎంఎక్స్-5లో హ్యాండ్ బ్రేక్ పట్టట్లేదంటే కేబుల్ బిగించేముందు వెనక కాలిపర్ లోపల అలెన్ స్క్రూతో అడ్జస్ట్ చేసే ఏర్పాటు ఒకటుంది, ముందు అది చూడాలి, కేబుల్ మీద పడితే ఎంత బిగించినా లాభం లేదు.

కరెంటు జబ్బుల దగ్గరకొస్తే జనం ఇంకా దారుణం. సెల్ఫ్ మెల్లగా తిరుగుతోంది, హెడ్‌లైట్లు గుడ్డిగా ఉన్నాయి, కిటికీ నత్తలా లేస్తోంది, దానికి కొత్త బ్యాటరీ, కొత్త సెల్ఫ్ మోటార్, కొత్త డైనమో. పాత కారులో కరెంటు పోయే చోటు ఎక్కువసార్లు ఎర్తింగే, అంటే కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే దారి. వైరు చివర బోల్టు కింద తుప్పు, అంతే. మామూలు మల్టీమీటర్ ఒకటి చాలు. రాత్రంతా నిలబడ్డ మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి, ఇంజన్ ఆన్‌లో ఉంటే 13.8 నుంచి 14.5 మధ్య. ఆ రెండూ బాగుంటే మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొస ఇంజన్ మీద ఉత్త లోహం మీద పెట్టి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల కన్నా ఎక్కువ చూపిస్తే ఎర్త్ దారిలో ఎక్కడో అడ్డం ఉంది. ఓమ్స్‌లో పెట్టి చూస్తే ఇది దొరకదు, ఎందుకంటే ఒక్క పోగు మిగిలిన వైరు కూడా ఓమ్ మీటర్‌కి బాగానే కనపడుతుంది, ఎక్కువ కరెంటు లాగినప్పుడే దాని సంగతి తెలుస్తుంది. కారు ఆపి నాలుగు రోజులకి బ్యాటరీ దిగిపోతుంటే నెగటివ్ తీసి సిరీస్‌లో మీటరు పెట్టి చూడండి, అన్నీ నిద్రపోయాక 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి, అంతకు మించితే ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ పోతే దొంగ దొరుకుతాడు. డిక్కీలో లైటు ఆరకపోవడం అనే దొంగ అందరికంటే ముందుంటాడు.

మిస్సింగ్ కూడా అంతే. గేరు ఎక్కువలో పెట్టి బరువుగా లాగిస్తున్నప్పుడే దడదడలాడుతోందంటే ముందు ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు. ఎంఎక్స్-5లో వైర్లు వయసైపోయి ఇలా చెయ్యడం మామూలే. ఐడిల్‌లో మాత్రం ఎగుడుదిగుడుగా ఉండి, రైజ్ చేస్తే బాగైపోతే ఎక్కడో వ్యాక్యూమ్ హోసు పగిలి గాలి పీలుస్తోందేమో చూడాలి. ఇవి రెండూ తేల్చకుండా ఇంజెక్టర్లు, సెన్సార్లు, చివరికి కంప్యూటర్ దాకా మార్చేవాళ్లని చూశాను. మార్చిన ప్రతి మంచి పార్టూ వృథా, పైగా కొత్త పెట్టెలో వచ్చింది కాబట్టి బాగుంటుందనే గ్యారంటీ కూడా ఈ మధ్య లేదు. చౌకరకం సెన్సార్ కంటే ముప్ఫై ఏళ్ల ఒరిజినల్ సెన్సార్ నమ్మకంగా పనిచెయ్యడం చాలాసార్లు చూశా, అందుకే తీసిన పార్టు ఏదీ వెంటనే పారెయ్యను.

ఇప్పుడు అవతలి వాదన. "ఒక్కోటి చేస్తే ఒకే బోల్టుని పదిసార్లు విప్పాలి కదా, ఒకేసారి చేస్తే పోలా?" న్యాయమైన ప్రశ్న. నేను పెట్టుకున్న రూల్ ఏంటంటే, ఈ పని కోసం ఎలాగూ విప్పిన బోల్టుల వెనక ఏముందో అది మారుస్తా, దానికోసం కొత్తగా ఇంకో బోల్టు విప్పాల్సి వస్తే ఆగిపోతా. టైమింగ్ బెల్టే (క్రాంక్‌తో పాటు క్యామ్‌లని తిప్పే బెల్టు) చూడండి, లక్ష కిలోమీటర్లకో అంతకి ముందో మార్చాలి. అది తీశాక వాటర్ పంపు, టెన్షనర్, క్యామ్ సీళ్లు, క్రాంక్ ముందు సీల్ అన్నీ కళ్లెదురుగా ఉంటాయి, అవన్నీ ఆ పూటే మార్చడం తెలివి. కానీ "రేడియేటర్ ఎలాగూ దించాం కదా ఇంజన్ బే మొత్తం రంగు వేద్దాం" అనుకోవడంతో మొదట్లో చెప్పిన ఆ అమ్మకం ప్రకటన వైపు మొదటి అడుగు పడుతుంది. మొదటి తరం ఎంఎక్స్-5 ఇంజన్లలో బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకి తగలవు, ఇంజన్ ఆగిపోతుంది అంతే, మిగతా చాలా ఇంజన్లకి ఆ అదృష్టం లేదు. అలాగని ఆ పని తేలిగ్గా తీసుకోకూడదు. తొలి ఏళ్ల 1.6 ఇంజన్లలో క్రాంక్ ముందు ముక్కు పొట్టిగా ఉంటుంది, బెల్ట్ మార్చాక క్రాంక్ బోల్టు సరిగ్గా బిగించకపోతే పుల్లీ కదిలి కదిలి ఆ ముక్కునే తినేస్తుంది. ఒక బోల్టు బిగింపు కోసం ఇంజన్ పోవడం అంటే ఇదే. ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ పానా కొనుక్కోండి.

బోల్టుల మాట వచ్చింది కాబట్టి, పాత కారు పనిలో సగం టైమ్ వీటికే. తుప్పు పట్టి పట్టేసిన నట్టుని బలం పెట్టి తిప్పేముందు వైర్ బ్రష్‌తో థ్రెడ్డు శుభ్రం చేసి, పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి, రాత్రంతా వదిలేసి, మర్నాడు మళ్ళీ పోసి, ఆరు పలకల సాకెట్ పెట్టి (పన్నెండు పలకలదైతే మూలలు అరిగిపోతాయి) ముందు కొంచెం బిగించే వైపు తిప్పి తుప్పు చిట్లాక అప్పుడు వదులు చెయ్యాలి. అయినా రాకపోతే నట్టుకి వేడి, చుట్టుపక్కల రబ్బరు, పెట్రోలు, అండర్‌కోటింగ్ ఏమీ లేకుండా చూసుకుని. సస్పెన్షన్ బుష్షులు (కీళ్ల దగ్గరుండే రబ్బరు తొడుగులు) మార్చేవాళ్లకి ఇంకో మాట, ఆ బోల్టులు కారు గాల్లో ఉన్నప్పుడు చివరి బిగింపు బిగించకండి. చక్రాల మీద బరువు పడ్డాక బిగించాలి, లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరిగిపోతుంది. తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి. ఇక జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందకి దూరేవాళ్లతో నాకు మాటల్లేవు. గట్టి నేల, చక్రాలకి అడ్డం, రెండు స్టాండ్లు, దూరే ముందు కారుని ఒకసారి గట్టిగా ఊపి చూడటం, ఇవి లేకుండా లోపలికి తల పెట్టకండి.

మెరుపు గురించి చివర్లో చెప్తున్నాను, కావాలనే. రబ్బింగ్ పాలిష్ కొట్టాక కారు చూస్తే వచ్చే ఆనందం నాకూ తెలుసు, ఒక సాయంత్రం ఊరికే చూస్తూ కూర్చోవచ్చు. కానీ పెయింటు తరిగిపోయే ఆస్తి. పైనుండే క్లియర్ కోట్ సుమారు 40, 50 మైక్రాన్లు ఉంటుందంతే, ప్రతి రబ్బింగ్ అందులో కొంత కోసుకుపోతుంది. ముందు ఎవరెన్ని సార్లు రుద్దారో మనకి తెలీదు, అంచుల దగ్గర ఎప్పుడూ పల్చగా ఉంటుంది, మెషీన్ అక్కడ ఒక్క క్షణం ఎక్కువ ఆగితే ప్రైమర్ పలకరిస్తుంది. పాతకాలం సింగిల్ స్టేజ్ పెయింటులో క్లియర్ కోటే ఉండదు, రుద్దుతుంటే గుడ్డకి కారు రంగే అంటుకుంటుంది, అది చూసి భయపడక్కర్లేదు గానీ తక్కువ రుద్దాలి. అందుకని ముందు బాగా కడిగి, క్లే బార్‌తో అంటుకున్న రేణువులు లాగి, అన్నిటికంటే మెత్తటి పాలిష్‌తో ఒక చిన్న చోట ప్రయత్నించి చూసి, చాలనిపిస్తే అక్కడే ఆగిపోవాలి. కొన్ని గీతలు ఉండనివ్వండి. టాపు వెనకుండే ప్లాస్టిక్ కిటికీని చలిలో జిప్పు తియ్యకుండా మడిచారంటే అది ఫెళ్లున పగులుతుంది, ఏ పాలిష్ దాన్ని అతికించదు. ఇంజన్ బేలో హోసులకీ ప్లాస్టిక్‌కీ నిగనిగలాడే సిలికాన్ స్ప్రే కొట్టి అమ్మకానికి పెట్టిన కారు కనపడితే నేను అనుమానంగానే చూస్తా. రేడియేటర్ పైనుండే నల్ల ప్లాస్టిక్ ట్యాంకు వయసైపోయి ఆకుపచ్చ-గోధుమ రంగులోకి తిరిగిందంటే అది పగలడానికి సిద్ధంగా ఉందని హెచ్చరిక, దాని మీద మెరుపు స్ప్రే కొడితే ఆ హెచ్చరిక కనపడకుండా పోతుంది.

మరి అడుగూ అంచూ మొత్తం తిన్న కారైతే? అప్పుడు నడుపుతూ బాగుచేసుకునే పద్ధతి కుదరదు, నిజమే. కానీ అప్పుడు కూడా ఇంట్లో విప్పి పెట్టడం జవాబు అనుకోను. ఎంఎక్స్-5 లాంటి లక్షల్లో తయారైన కారుకి గట్టి బాడీ ఉన్న ఇంకోటి వెతుక్కుని, ఈ కారులో మంచి పార్టులు దానికి వాడుకోవడం మేలు. ఎక్కడా దొరకని అరుదైన మోడల్ అయితే వేరే లెక్క, దానికి చేయి తిరిగిన టింకరింగ్ వాళ్లు, బాడీని నిలబెట్టే జిగ్, ఏళ్ల ఓపిక కావాలి, అది ఆదివారాల్లో తేలే పని కాదు.

నా కారులో ఈ రోజుకి బాకీ ఉన్నవి చెప్పాలంటే, కుడి కిటికీ మెల్లగా లేస్తోంది, దాని గైడు పాత గ్రీజు తుడిచి కొత్తది పెట్టి, మోటార్ దగ్గర వోల్టేజ్ చూసి అప్పుడు ఆలోచిస్తా. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ట్యాపెట్ల టకటక కాసేపు ఉంటోంది, ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ లిఫ్టర్లే కాబట్టి ముందు ఆయిల్ మార్చి నాలుగు రోజులు నడిపి వింటా, హెడ్ మీద చెయ్యి పెట్టే ఉద్దేశం ఇప్పట్లో లేదు. డోరు మీద ఒక సొట్ట ఉంది, అది అలాగే ఉంటుంది. ముందు మాత్రం క్లచ్ స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కినప్పుడు ఫ్లూయిడ్ ఒత్తిడితో క్లచ్‌ని కదిపేది), రబ్బరు బూటు అంచున తడి కనపడింది, ఫ్లూయిడ్ మట్టం కొద్దికొద్దిగా దిగుతోంది, ఈ ఆదివారం దాని వంతు.